వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్: ఏ ఎక్స్‌పాన్షన్ లోకం నిలబడింది, ఎందుకు

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ గేమ్‌కి కొత్త ప్రాంతాలు చేరుస్తూ వచ్చే ఎక్స్‌పాన్షన్లలో ఏది అందంగా ఉందన్న మాటొస్తే చాలామంది ఓటు కొత్తదానికే. ఆకులు విడివిడిగా కనిపిస్తాయి, నీడలు మెత్తగా పడతాయి, నిజమే. నేను మాత్రం మూడు సంగతులు చూస్తాను: ఎంత దూరం కనిపించనిచ్చారు, వెలుగు ఏ రంగులో ఉంది, ఒక జోన్ (మ్యాప్‌లో సొంత పేరున్న ప్రాంతం) పొలిమేర దాటించి పక్కదాంట్లోకి ఎలా తీసుకెళ్లారు. ఈ లెక్కన 2008లో వచ్చిన రాత్ ఆఫ్ ద లిచ్ కింగ్‌దే ఇప్పటికీ పైచేయి. తర్వాత వచ్చినవాటిలో దానికి దగ్గరగా వచ్చినవి రెండే అనిపిస్తుంది.

ముందు ఈ నేల ఎలా తయారవుతుందో కొంచెం తెలియాలి. మ్యాప్‌ని సుమారు 533 గజాల చదరాలుగా కోస్తారు. ఒక్కో చదరంలో 16 వరుసలు, వరుసకు 16 ముక్కలు. అంటే ముక్క పొడవు 33 గజాల పైచిలుకు. పాత ఎక్స్‌పాన్షన్లలో ఒక్కో ముక్క మీద నాలుగు టెక్స్చర్లకు (నేల మీద పరిచే బొమ్మ పొరలకు) మించి పరచడానికి వీల్లేదు. గడ్డి, మట్టి, రాయి, బాట వేసేసరికి నాలుగూ అయిపోయాయి. ఇక మంచు ఎక్కడ పెట్టాలి? బాట తీసేయాలి, లేదా రాయిని వదులుకోవాలి. పక్కపక్క ముక్కల్లో వేర్వేరు టెక్స్చర్లు ఎంచుకుంటే వాటి అంచు గీత గీసినట్టు తిన్నగా కనిపిస్తుంది. పాత జోన్ల మీదుగా ఎగురుతూ కిందకి చూస్తే ఇలాంటి తిన్నని గీతలు అక్కడక్కడ దొరుకుతాయి. నడిచేవాడికి కనపడకుండా అక్కడ ఒక పొద పెట్టేసేవారు.

వెలుగుది వేరే లెక్క. ఆకాశం రంగు, ఫాగ్ (దూరాన్ని కప్పేసే పొగమంచు) రంగు, అది ఎంత దూరంలో మొదలవ్వాలి, నీటి రంగు, ఎండ రంగు అన్నీ మ్యాప్ మీద గోళాల్లా పెట్టిన లైట్ ప్రాంతాల్లో ఉంటాయి. ఒక్కో గోళానికి లోపలి వ్యాసార్ధం, బయటి వ్యాసార్ధం ఉంటాయి. లోపలి హద్దులో ఉన్నంతసేపూ ఆ రంగులు పూర్తిగా పనిచేస్తాయి. రెండు హద్దుల మధ్య పక్కవాటితో కలిసిపోతాయి. ఈ మధ్య పట్టీ ఇరుకైతే నాలుగడుగుల్లో ఆకాశం మారిపోయి ఎబ్బెట్టుగా ఉంటుంది. మరీ వెడల్పైతే ఏ జోన్‌కీ సొంత రంగు మిగలదు. వాతావరణం కుదరడం, కుదరకపోవడం సగం ఇక్కడే తేలుతుంది.

2004 నాటి అసలు గేమ్‌లో చూపు గరిష్ఠంగా 777 గజాలు. ఆపైన అంతా ఫాగే. అప్పటి కంప్యూటర్లు మోయలేవు కాబట్టి పెట్టిన హద్దు అది. డిజైనర్లు దాన్నే ఆయుధంగా వాడుకున్నారు. ఎల్విన్ ఫారెస్ట్ పచ్చదనం నుంచి నది దాటితే డస్క్‌వుడ్. అక్కడ మిట్టమధ్యాహ్నం కూడా మసక వెలుగే. ఈ రెండిటి మధ్య దూరం నిజానికి చాలా తక్కువ. ఫాగ్ ఉండబట్టి ఆ సంగతి తెలియలేదు. ఇప్పటి గేమ్ సెట్టింగుల్లో వ్యూ డిస్టెన్స్, అంటే చూపు దూరం, 10కి పెంచి అదే చోట నిలబడండి, పక్క జోన్ కొండలు ముక్కు ముందుకొచ్చేస్తాయి. చూపు పెరిగేసరికి లోకం చిన్నదైపోయింది.

2007లో ద బర్నింగ్ క్రూసేడ్ తెగించింది. మరో గ్రహానికి తీసుకెళ్లే డార్క్ పోర్టల్ ద్వారం దాటగానే హెల్‌ఫైర్ పెనిన్సులా: పగుళ్లిచ్చిన ఎర్ర నేల, తల మీద నక్షత్ర ధూళి, మెట్ల కింద యుద్ధం. పశ్చిమంగా వెళ్తే జంగర్‌మార్ష్‌లో నీలం వెలుగు, చెట్లంత పుట్టగొడుగులు. ఆ తర్వాత నాగ్రాండ్ పచ్చిక, గాలిలో తేలే దీవులు, వాటి మీంచి పడే జలపాతాలు. ఒక్కో పొలిమేరా చెంపదెబ్బే. గ్రహం ముక్కలైపోయిందన్న కథ ఉంది కనుక ఆ కోతలు చెల్లాయి. నాకు బాగా నచ్చేది నెదర్‌స్టార్మ్. ఊదా రంగు ఎడారి మధ్య ఎకోడోమ్‌లు పెట్టి, లోపల గడ్డి, చెట్లు పెంచారు. బయట చచ్చిన నేల, గోపురం లోపల బతికిన నేల. ఒక్క అడుగులో లైటింగ్ మారుతుంది, అదే అక్కడ కథ కూడా. షాడోమూన్ వ్యాలీ మాత్రం ఆకుపచ్చ లావా, నల్ల రాయి తప్ప ఏమీ లేక గంటలోపే విసుగెత్తిస్తుంది.

ఇక రాత్ ఆఫ్ ద లిచ్ కింగ్ జరిగే ఖండం, నార్త్‌రెండ్. మంచు ఖండం అంటే పెద్ద ప్రమాదం: అన్ని జోన్లూ తెల్లగా ఉంటాయి. దాన్ని రకరకాలుగా తప్పించారు. హౌలింగ్ ఫ్యోర్డ్‌లో మంచు కంటే పసుపు పచ్చిక, నిట్టనిలువు కొండ చరియలు ఎక్కువ. మెనెథిల్ హార్బర్ నుంచి ఓడలో వస్తే రెండు వైపులా రాతి గోడలు, పైన అట్‌గార్డ్ కోట. దిగకముందే మనం ఎంత చిన్నవాళ్లమో అర్థమవుతుంది. గ్రిజ్లీ హిల్స్‌లో పైన్ చెట్ల బోదెలు పొడవుగా, కొమ్మలు చాలా పైన మొదలయ్యేలా పెట్టారు. కాబట్టి అడవి దట్టంగా అనిపిస్తూనే కంటికి దారి ఉంటుంది. షోలజార్ బేసిన్‌లో ఏకంగా అడవి, వానాకాలపు పచ్చదనం. డ్రాగన్‌బ్లైట్ మాత్రమే అసలు సిసలు తెల్ల మైదానం. అది తెల్లగా ఉండటానికి కారణముంది: నడిమధ్యలో వైర్మ్‌రెస్ట్ టెంపుల్ గోపురం ఎక్కణ్నించైనా కనపడాలి. చూపు దూరం అప్పటికి 1277 గజాల దాకా పెరిగింది. ఆ పెరిగిన దూరాన్ని ఖాళీ మైదానానికీ, ఒకే ఒక్క గోపురానికీ ఖర్చుపెట్టడం మంచి నిర్ణయం. ఎండ ఎక్కడా గట్టిగా ఉండదు, పొద్దున్నే పడే నీరెండలా ఉంటుంది. ఐస్‌క్రౌన్‌కి చేరేసరికి ఆ కాస్తా పోయి బూడిద రంగు సరోనైట్ లోహపు గోడలే మిగులుతాయి. దానికి తోడు మన పాత్ర లెవెల్ 77కి చేరేదాకా నార్త్‌రెండ్‌లో ఎగరనివ్వలేదు. జోన్లలో ఎక్కువ భాగం నేల మీద నుంచే చూడాల్సి వచ్చింది, అందుకే ఆ కొండలు ఎత్తుగా గుర్తుండిపోయాయి.

2010 కాటక్లిజమ్‌లో కష్టం అక్కడే మొదలైంది. పాత ఖండాల్లో ఎగరనివ్వాలన్నారు. కానీ ఆ ఖండాలు నడకకి కట్టినవి. స్టార్మ్‌విండ్ నగరం లాంటి చోట్ల ఎదురుగా కనిపించే గోడలే ఉన్నాయి, వెనక ఏమీ లేదు. కొండల వెనక ఖాళీ. అంతా మళ్లీ కట్టాల్సి వచ్చింది. కొత్త జోన్లేమో లోకంలో తలోమూలా పడ్డాయి, వాటికి పోర్టల్‌లో దూకి వెళ్లాలి. డీప్‌హోమ్ విడిగా చూస్తే అద్భుతం, వాష్‌జీర్ నీటి అడుగు కూడా. కానీ నీళ్లలో పైకీ కిందికీ కూడా దారులుండేసరికి మ్యాప్ చూసి దూరం అంచనా వేయడం చాలామందికి చేతకాలేదు. నీటి రంగు, ఎండ కిరణాలు కొత్తగా బాగుచేసిన ఎక్స్‌పాన్షనే ఖండం అన్న భావన పోగొట్టింది.

2012 మిస్ట్స్ ఆఫ్ పాండేరియా ఆ భావన తిరిగి తెచ్చింది. లెవెల్ 90 దాకా ఎగరడం లేదు. సర్పెంట్స్ స్పైన్ గోడకి ఇటు తోటలు, పొలాలు. అటు డ్రెడ్ వేస్ట్స్ మసక, అంబర్ చెట్లు. పొలిమేరని ఒక గోడగా కట్టి చూపించడం ఆ లోకంలో సహజంగా అమరింది. 2013లో ప్యాచ్ 5.4 అనే అప్‌డేట్‌లో బంగారు రంగు వేల్ ఆఫ్ ఎటర్నల్ బ్లాసమ్స్‌ని చీల్చేశారు. కొండలు ఎక్కడివక్కడే ఉన్నాయి, రంగు పోయింది. ఒక చోటి మీద మమకారం ఎంత పెంచారో ఆ రోజు తెలిసింది. ఇంచుమించు ఇలాంటి పనే తలకిందులుగా ఫైనల్ ఫాంటసీ 14 అనే మరో ఆన్‌లైన్ గేమ్ చేసింది, 2019 షాడోబ్రింగర్స్‌లో: రాత్రే లేని ఆకాశం, కథలో ఆ జోన్ గట్టెక్కాక చీకటి తిరిగొస్తుంది.

2020 షాడోలాండ్స్‌లో జోన్లు విడివిడిగా బాగున్నాయి. ఆర్డెన్‌వీల్డ్ నీలి రాత్రి, రెవెన్‌డ్రెత్ ఎరుపు, బాస్టియన్ లేత బంగారం. కానీ బొమ్మల కొలువులో మెట్టుకో బొమ్మలా పేర్చేశారు. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి నడిచే దారి లేదు, మధ్యలో ఉన్న ఓరిబోస్ నగరం మీదుగా ఎగరాల్సిందే. పొలిమేర లేకపోతే లైట్ గోళాలు కలిసే చోటూ ఉండదు. రెండు డ్రాయింగ్‌లు చూశామంతే, ప్రయాణం చెయ్యలేదు.

2022 డ్రాగన్‌ఫ్లైట్‌లో పాత మౌంట్ల (ఎక్కి తిరిగే వాహన జంతువుల) 310 శాతం వేగానికి రెట్టింపు కంటే ఎక్కువతో ఎగురుతాం కాబట్టి జోన్లు పెద్దవి చేశారు, ఆకారాలు దూరం నుంచి గుర్తుపట్టేలా పెట్టారు. అజూర్ స్పాన్ నాకిష్టం. నేల మీద దిగితే మాత్రం చాలా చోట్ల మధ్యలో చూడటానికి తక్కువ. 2024 ద వార్ వితిన్‌లో హాలోఫాల్ ఉంది చూశారూ, అదీ పని. భూగర్భంలో సముద్రం, పొలాలు, పైకప్పులో బెలెడార్ అనే స్ఫటికమే సూర్యుడు. అది అప్పుడప్పుడూ ఊదా రంగుకి మారితే జోన్ మొత్తం మారిపోతుంది.

మీరూ పోల్చి చూడాలనుకుంటే కొన్ని జాగ్రత్తలు. గ్రాఫిక్స్, గామా (తెర వెలుగు), వ్యూ డిస్టెన్స్ అన్ని చోట్లా ఒకే విలువలో ఉంచండి. పాత జోన్లకి మాత్రం దూరం తగ్గించి రెండో ఫోటో కూడా తీయండి. తెర మీద మెరుపు పూత వేసే గ్లోని కన్సోల్‌లో (గేమ్‌కి ఆదేశాలు టైప్ చేసే చోట) 0 చేయండి, అది అన్ని రంగుల్నీ ఒకేలా మెత్తబరుస్తుంది. ఆల్ట్, జెడ్ నొక్కితే బటన్లన్నీ మాయమవుతాయి. వాన, మంచు పడుతుంటే ఆగండి. ఫోటోలని నలుపు తెలుపులోకి మార్చండి: రంగు తీసేశాక కూడా దారి, గోపురం, ఆకాశం విడిగా తెలిస్తే ఆ జోన్ కూర్పు గట్టిది. షాడోమూన్ ఇక్కడే దొరికిపోతుంది. సిలిథస్, డార్క్‌షోర్ లాంటి చోట్ల ఏ కాలం వెర్షన్‌లో ఉన్నారో చూసుకోండి, పాతది కావాలంటే అక్కడ ఉండే జిడోర్మి అనే గేమ్ పాత్రతో మాట్లాడాలి. పాత గేమ్‌ని మళ్లీ ఆడించే క్లాసిక్ సర్వర్లు కూడా ఇప్పటి ఇంజిన్ మీదే నడుస్తాయి, కనుక అక్కడి నీడల్ని 2007 నాటివి అనుకోవద్దు.

మన వాళ్లు తరచూ మరిచేది టైమ్. గేమ్‌లో పగలూ రాత్రీ రెల్మ్ (మనం ఆడే సర్వర్) గడియారాన్ని బట్టే. చలికాలంలో మన రాత్రి 9 గంటలకి అమెరికా తూర్పు సమయం పాటించే రెల్మ్‌లో పొద్దున 10:30, యూరప్ రెల్మ్‌లో సాయంత్రం 4:30. సిడ్నీ సమయం పాటించే ఓషియానిక్ రెల్మ్‌లో అర్ధరాత్రి దాటి 2:30. హైదరాబాద్ నుంచి రోజూ అదే వేళకి ఆడే ఇద్దరు గ్రిజ్లీ హిల్స్ గురించి వాదించుకుంటుంటే, ముందు ఎవరు ఏ రెల్మ్‌లో ఉన్నారో అడగండి.