తెమడలో ఎర్రగా కనిపించిందంతా టీబీ కాదు

కిడ్నీ మార్పిడి అయినవాళ్లకు వారాల తరబడి దగ్గు, జ్వరం, సీటీలో ఊపిరితిత్తిలో గడ్డ. మన హైదరాబాద్‌లో ఎవరి నోటయినా ముందొచ్చే మాట టీబీయే. చాలాసార్లు నిజమే కూడా. కానీ ఇమ్యూనిటీని అణిచే మందులు వాడేవాళ్లలో నోకార్డియా అనే మట్టి బ్యాక్టీరియా కూడా అచ్చం ఇలాగే బయటపడుతుంది.

తికమక స్లైడు దగ్గరే మొదలు. తెమడకు ఎర్రరంగు పట్టించి, ఆమ్లంతో కడిగి, మైక్రోస్కోపులో చూస్తారు. టీబీ క్రిమి 20 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కడిగినా ఎర్రరంగు వదలదు. నోకార్డియాకు అంత పట్టు లేదు, 1 శాతం ఆమ్లంతో కడిగితేనే ఎరుపు నిలుస్తుంది. గాఢ ఆమ్లంలోనూ అక్కడక్కడా ముక్కలు ఎర్రగా మిగిలితే టీబీ అని రిపోర్టు వెళ్లిపోతుంది. నింపాదిగా చూస్తే కొమ్మలు వేసిన సన్నటి పోగులు కనిపిస్తాయి, గ్రామ్ స్టెయిన్ అనే మరో రంగు పరీక్షలో ఇంకా తేటగా. స్మియర్ (ఈ స్లైడు పరీక్ష) పాజిటివ్, సీబీనాట్ (టీబీ క్రిమి జన్యువును వెతికే పరీక్ష) నెగటివ్ అని వస్తే మాత్రం టీబీ మందులు మొదలుపెట్టే ముందు నోకార్డియా సంగతి అడగాల్సిందే.

ఎందుకంటే టీబీ మందుల్లోని రిఫాంపిసిన్, కొత్త కిడ్నీని కాపాడే మందు టాక్రోలిమస్‌ను ఒంట్లో నిలవనివ్వదు. దాని లెవల్ పడిపోతే రిజెక్షన్, అంటే ఒళ్లు కొత్త కిడ్నీని తిప్పికొట్టడం. లేని జబ్బుకు మందు, ఉన్న కిడ్నీకి ఎసరు.

క్రిమిని పెంచి చూసే మామూలు కల్చర్ ప్లేట్లను ల్యాబులు సాధారణంగా 48 గంటలకు పారేస్తాయి. నోకార్డియా మొలవడానికి ఐదారు రోజులు, ఒక్కోసారి రెండు మూడు వారాలు కావాలి. అందుకే ఫారం మీద ‘ట్రాన్స్‌ప్లాంట్ పేషెంట్, నోకార్డియా అనుమానం, ప్లేట్లు 3 వారాలు ఉంచండి’ అని డాక్టరుతో రాయించండి. బయాప్సీ ముక్కలన్నీ క్రిములను చంపేసే ఫార్మలిన్‌లో వేశారా, ఇక కల్చర్ ఆశ వదులుకోవచ్చు. ఒక ముక్క విడిగా స్టెరైల్ సెలైన్‌లో వెళ్లాలి. ఇంత చిన్న విషయం ఎన్ని చోట్ల తప్పిపోతుందో!

నోకార్డియా అని తేలితే తలనొప్పి లేకపోయినా మెదడు ఎంఆర్‌ఐ తీయించాలి. ప్రధాన మందు కో-ట్రైమోక్సజోల్. జబ్బు తీవ్రంగా ఉంటే ఇమిపెనెమ్, అమికాసిన్, లినెజోలిడ్‌లలో ఒకటో రెండో తోడవుతాయి. కోర్సు 6 నుంచి 12 నెలలు, మెదడుకు పాకితే కనీసం ఏడాది. దగ్గు తగ్గిందని మధ్యలో మానేస్తే తిరగబెడుతుంది. కో-ట్రైమోక్సజోల్, టాక్రోలిమస్ రెండూ పొటాషియం పెంచేవే. కాబట్టి మొదట్లో తరచూ పరీక్ష, కొబ్బరినీళ్లు బంద్. లినెజోలిడ్ రెండు వారాలు దాటితే ప్లేట్‌లెట్లు పడిపోవచ్చు, వారం వారం చూడాలి.

ముందుజాగ్రత్తగా రోజూ వేసుకునే చిన్న మోతాదు సెప్ట్రాన్ (కో-ట్రైమోక్సజోలే) ఉంది కదా అని ధీమా పడొద్దు. అది వాడుతున్నవాళ్లకూ నోకార్డియా వస్తుంది.