వీర్రాజు గారి ఫ్లెక్సీ: మా షార్ట్ ఫిల్మ్ ఎంతవరకు వచ్చిందంటే

రాజమండ్రిలో మేం నలుగురం కలిసి ఒక డార్క్ కామెడీ షార్ట్ ఫిల్మ్ తీస్తున్నాం. అందరికీ ఉద్యోగాలున్నాయి కాబట్టి షూటింగ్ ఆదివారాలు మాత్రమే. కథ ఇదీ. వీర్రాజు ఒక ఫైనాన్స్ ఆఫీసులో గుమాస్తా. ఎవరేమన్నా "ఆయ్, అలాగేనండి" తప్ప ఇంకో మాట రాదు. పక్క వీధిలో ఇంకో వీర్రాజు పోతే, ఫ్లెక్సీ షాపువాళ్లు పొరపాటున అశ్రునివాళి మీద ఈయన ఫొటో పెట్టేస్తారు. దాని ముందు నిలబడి జనం "ఎంత మంచివాడో" అనుకుంటుంటే ఈయన వెనక నిలబడి వింటాడు. ఆ సాయంత్రం నుంచి పోయినవాడిగానే బతకడం మొదలుపెడతాడు.

మొదటి నెల

స్క్రిప్టు 14 పేజీలు వచ్చింది. పేజీకి ఒక నిమిషం అనే లెక్క నమ్ముకున్నాం. అందరం కూర్చుని స్టాప్‌వాచ్ పెట్టుకుని చదివితే 19 నిమిషాలు తేలింది. మా హీరో మాట్లాడడు, మింగుతాడు. ఆ మౌనాలు కాగితం మీద అర లైను కూడా ఉండవు. ఆఫీసు సీన్లు రెండు తీసేసి 10 పేజీలకు తెచ్చాం. ఇప్పుడు 13 నిమిషాలు. మీరూ షూటింగ్‌కి ముందు ఒకసారి పైకి చదివి టైము చూసుకోండి, ఒక ఆదివారం మొత్తం మిగులుతుంది.

వీర్రాజు వేషం వేస్తున్నది మా వీధిలో ఉండే రిటైర్డ్ తెలుగు మాస్టారు. 30 ఏళ్లు పద్యనాటకాలు ఆడారు. మొదటి టెస్టులో భుజాలు కుంచించి, చేతులు నలుపుకుంటూ, గొంతు వణికిస్తూ చేశారు. స్టేజీ మీద చివరి వరుసకి అందాలంటే అలాగే చేయాలి. కానీ నాలుగడుగుల దూరంలో ఫోన్ లెన్స్ ఉంటే అంతా ఎక్కువైపోయింది. పెద్దాయనకి "తగ్గించండి" అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

అప్పుడు కులెషోవ్ అనే సినిమా దర్శకుడు చేసిన ప్రయోగం గుర్తొచ్చింది. సుమారు వందేళ్ల కిందట రష్యాలో ఆయన మొజూఖిన్ అనే నటుడి ముఖం ఒకే షాట్‌ని సూప్ గిన్నె, శవపేటిక, ఒక స్త్రీ షాట్లతో విడివిడిగా కలిపి చూపించాడు. ముఖం మారకపోయినా చూసినవాళ్లకి ఒకసారి ఆకలి, ఒకసారి దుఃఖం, ఒకసారి కోరిక కనిపించాయట. మేమూ అదే చేశాం. "ఏమీ చేయకండి మాస్టారూ, ఊరికే అటు చూడండి" అని ఆయన ముఖం 8 సెకన్లు తీసి, ఇడ్లీ ప్లేటు, దండ వేసిన ఫొటో, ఓనరు కుర్చీ షాట్ల పక్కన పెట్టి ఆయనకే చూపించాను. మూడోసారి చూశాక, "ఇన్నాళ్లూ నేను చేసిన పని ఇక్కడ కత్తెర చేస్తోందన్నమాట బాబూ" అన్నారు. ఆ తర్వాత ఒక్క సీనులో కూడా నేను ఏమీ చెప్పాల్సి రాలేదు.

రెండో నెల

మారిపోయిన వీర్రాజు ఎలా మాట్లాడాలన్నది రెండు వారాలు తేలలేదు. స్క్రిప్టులో నేను "అండి" తీసేశాను. ఎదురు తిరిగిన మనిషి ఇంకా అండి అంటాడా అని నా ఆలోచన. రిహార్సల్లో మాస్టారు ఆ డైలాగులు చెప్తుంటే మామూలు సినిమా హీరో వార్నింగ్ ఇచ్చినట్టుంది. "అండి తీసేస్తే వీడు వీర్రాజు కాడు బాబూ" అని ఆయనే ఆపేశారు. మళ్లీ అండీతోనే చెప్పించాం. వడ్డీ కోసం వచ్చిన మనిషికి గుమ్మంలోనే రెండు చేతులూ జోడించి, "చచ్చిపోయానండి. పోయినవాడు వడ్డీ ఎలా కడతాడండి?" అంటాడు. సౌండ్ చూసుకుంటున్న మా తమ్ముడు నవ్వు ఆపుకోలేక టేకు పాడుచేశాడు. ఆ భయం కలిగించే మర్యాదే మాకు కావాల్సింది. అందుకని మార్పంతా పనుల్లో పెట్టాం: ముందు సీన్లలో ఆఫీసు గుమ్మం బయట చెప్పులు విడిచి లోపలికెళ్లే మనిషి, తర్వాత చెప్పులతోనే నడిచి వెళ్లి ఓనరు ఎదుటి కుర్చీ లాక్కుని కూర్చుంటాడు. గొంతు మాత్రం అదే.

ఫ్లెక్సీ సంగతి వివరంగా రాస్తాను, ఎందుకంటే సినిమా మొత్తం దాని మీదే నిలబడింది.

సైజు 6 అడుగులకి 4. చదరపు అడుగు 15 రూపాయల చొప్పున 360, చెక్క ఫ్రేముకి ఇంకో 250 అయింది. మాటర్ యూనికోడ్‌లో పంపితే షాపులో అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంట్లు) మళ్లీ టైప్ చేస్తారు, వత్తులు తప్పిపోయే ప్రమాదం ఉంది. ప్రింటుకి ముందు స్క్రీన్ మీద ప్రతి అక్షరం చూసుకోండి. ఫ్లెక్సీ మెరుస్తుంది, ఆకాశమంతా అందులో కనబడుతుంది. పై అంచుని కొద్దిగా ముందుకి వంచి కడితే మెరుపు పోయింది. కట్టింది రోడ్డు మీద కాదు, స్నేహితుడి ఇంటి కాంపౌండు గోడకి. నిజమైన వీధిలో అలాంటిది కనబడితే ఎవరో ఒకరు నిజమనుకుంటారు.

అంత జాగ్రత్త పడీ ఒక చోట తప్పు చేశాను. డిజైను ఫోన్‌లో మాస్టారికి పంపాను, అది ముందు ఆయన భార్య, మా పిన్నిగారు చూశారు. ఆవిడ ఆ పూట అన్నం తినలేదు. సాయంత్రం వెళ్లి క్షమాపణ అడిగాను. సినిమా ఆపేస్తానని కూడా చెప్పాను, మనస్ఫూర్తిగానే. ఆవిడ చాలాసేపు ఆలోచించి ఒక్క షరతు పెట్టారు: "జననం వేసుకోండి నాయనా, మరణం ఎదురుగా తారీఖు మాత్రం వద్దు." సరేనన్నాం. ఇలాంటి ఫొటో ఏదైనా వాడితే నటుడి ఇంట్లోవాళ్లతో మాట్లాడాకే డిజైనుకి ఇవ్వండి.

ఆ ఖాళీయే మా సినిమాకి ముగింపు ఇచ్చింది. అంతకుముందు రాసుకున్న క్లైమాక్సులో వీర్రాజు ఫ్లెక్సీ చింపేసేవాడు. ఇప్పుడు రాత్రి మార్కరు తెచ్చి, "మరణం" ఎదురుగా 1998 నాటి తారీఖు రాస్తాడు. తాను ఆ ఫైనాన్స్ ఆఫీసులో చేరిన రోజు అది. ఆ తారీఖు మొదటి సీనులో ఆయన ఐడీ కార్డు మీద కనబడేట్టు ఒక షాట్ కలిపాం.

మూడో నెల

కెమెరా ఫోనే, మాన్యువల్ యాప్‌తో. సెకనుకి 25 ఫ్రేములు, షట్టరు వేగం 1/50 సెకను. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబులైట్ల కింద చారలు రావు. షట్టరు ఆటోమేటిక్‌గా వదిలేసిన ఒక షాట్‌లో వచ్చాయి, మళ్లీ తీశాం. వైట్ బ్యాలెన్సు (వెలుతురుని బట్టి రంగులు సరిచేసే సెట్టింగు) కూడా లాక్ చేయండి, లేకపోతే సీను మధ్యలో గోడ రంగు మారిపోతుంది. ఎండలో 1/50 పెడితే బొమ్మ తెల్లగా పోతుంది, మా ఫోన్‌లో ఎపర్చరు (లెన్స్ రంధ్రం) తగ్గించే వీలు లేదు కాబట్టి వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టరు క్లిప్పు తప్పదు.

సౌండ్ 48 కిలోహెర్ట్జ్, గట్టి మాట దగ్గర రికార్డింగ్ మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా చూసుకున్నాం. ఫ్యాను, ఫ్రిజ్ ఆపేయాలి. ఫ్రిజ్ మళ్లీ వేయడం మర్చిపోకుండా బండి తాళాలు అందులో పెట్టేవాళ్లం. ప్రతి గదిలో అందరం కదలకుండా 30 సెకన్ల నిశ్శబ్దం రికార్డు చేశాం. వీర్రాజు మౌనాలకి ఎడిటింగ్‌లో ఆ నిశ్శబ్దమే వేస్తున్నాను. పూర్తిగా సౌండ్ తీసేస్తే సినిమా ఆగిపోయినట్టు అనిపిస్తుంది.

ఎడిటింగ్‌లో తెలుగు టైటిళ్ల వత్తులు విడిపోయాయి. వేరే చోట టైప్ చేసి, వెనక బ్యాక్‌గ్రౌండ్ లేని పీఎన్‌జీ బొమ్మలుగా తెచ్చి పెట్టాను. ఇప్పుడు బాగున్నాయి.

ఇప్పటికి 11 నిమిషాలు కట్ అయింది. మార్కరు సీను మిగిలింది. పర్మనెంటు మార్కరు ఫ్లెక్సీ మీద బాగా పడుతుంది కానీ స్పిరిట్‌తో తుడిస్తే ప్రింటు రంగు కూడా లేచిపోతోంది, ఒక ముక్క మీద చూశాం. అందుకని ఆ కింది భాగం మాత్రమే, ఒక అడుగు ఎత్తున, విడిగా మూడు ప్రింట్లు తీయిస్తున్నాం. అంటే మూడు టేకులే. వచ్చే ఆదివారం రాత్రి ఏడింటికి. పిన్నిగారు కూడా వస్తానన్నారు, షూటింగ్ అవగానే ఫ్లెక్సీని తన చేత్తోనే చింపుతారట.