ఫైబర్ పడవ అడుగు పగిలితే: మడ్డువలస నుంచి రాజాం తెచ్చి చేసిన వారం పని

పడవలో నీళ్లు చేరుతుంటే మొదట పట్టించుకోలేదు. మడ్డువలస జలాశయంలో తెల్లవారుజామున వల తీసేటప్పుడు ఎలాగూ నాలుగైదు చెంబుల నీళ్లు వలతోపాటే లోపలికి కారతాయి. వల వెయ్యని రోజు కూడా గంటకి అర బకెట్టు తోడాల్సి వచ్చేసరికి అనుమానం వచ్చింది. పడవను ట్రాలీ ఎక్కించి రాజాం తెచ్చేశాను. అప్పటికి మే మొదటి వారం. జలాశయానికి నీరిచ్చే సువర్ణముఖి నదిలో నీరు బాగా తగ్గింది. ఈ పనికి అంతకన్నా మంచి అదను ఉండదు. వానలు పడి కొత్తనీరు దిగితే బొచ్చె, శీలావతి గుడ్లకి ఎదురెక్కుతాయి, ఆ రోజుల్లో వల దింపకపోవడమే మేలు. పైగా గాలిలో తేమ పెరిగాక ఫైబర్ పని సరిగ్గా కుదరదు.

పడవ పొడవు 16 అడుగులు, అడుగు మందం దాదాపు 5 మిల్లీమీటర్లు. వెనక 8 హార్స్‌పవర్ ఇంజను.

కారుతున్న చోటు దొరకాలంటే బయట ఎంత వెతికినా లాభం లేదు, సన్న పగులు కంటికి ఆనదు. పడవను ట్రాలీ మీదే ఉంచి, బయట అడుగంతా పొడిగుడ్డతో తుడిచి, లోపల 30 లీటర్ల నీళ్లు పోశాను. అంతకంటే ఎక్కువ పొయ్యకూడదు. నీటిలో తేలేటప్పుడు అడుగుకు అన్ని వైపులా ఆనిక ఉంటుంది, ట్రాలీ మీద ఆ ఆనిక ఉండదు, బరువుకి పగులు ఇంకా తెరుచుకుంటుంది. పావుగంటకి కుడివైపు, వెనక అంచు నుంచి నాలుగడుగుల దగ్గర చెమట పట్టినట్టు చుక్కలు కట్టాయి. నీళ్లు తోడేసి చూస్తే 20 సెంటీమీటర్ల గీత, వెంట్రుకంత సన్నం. పది రూపాయల బిళ్లతో చుట్టూ తట్టుకుంటూ వెళ్లాను. బాగున్న చోట 'టంగ్' మంటుంది, పొరలు విడిపోయిన చోట 'డబ్' మంటుంది. డబ్ మన్నంత మేరా సుద్దతో గీసుకున్నాను.

జలాశయం అడుగంటిన రోజుల్లో మునిగిన మోడు ఏదో తగిలి ఉంటుందనే అనుకున్నాను. చింతపల్లి ఒడ్డున సముద్రం పడవలకి ఫైబర్ పనిచేసే మేస్త్రీ ఒకసారి వంగి చూసి, "రాయో మోడో గీస్తే గీత పొడుగునా పడతాది బాబూ. ఇది అడ్డంగా ఉంది. మీ ట్రాలీయే కొట్టింది" అన్నాడు. నిజమే. ట్రాలీ వెనక అడ్డంగా వేసిన ఇనప యాంగిల్ సరిగ్గా ఆ గీత కిందే ఉంది. ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా పడవ బరువూ ఇంజను బరువూ కలిసి ఆ ఒక్క అంచు మీద పడేవి. ఫైబర్ వంగుతుంది, మళ్లీ లేస్తుంది. ఒకే చోట వేలసార్లు వంగితే పొరల్లోని గాజుపోగులు తెగుతాయి. పడవ నీళ్లలో ఉన్న గంటల్లో కాదు, రోడ్డు మీద ఉన్న గంటల్లో పాడైంది. అందుకని పడవ ఒక్కటీ బాగుచేసి ట్రాలీని వదిలేస్తే వచ్చే ఏడాది ఇదే పని మళ్లీ.

ఆరుగురం పట్టి పడవను రెండు పాత టైర్ల మీద బోర్లించాం. ఆరబెట్టడం కంటే ముందు గ్రైండింగ్. చాలామంది ఇది తిరగేసి చేస్తారు. పైన నున్నగా ఉండే జెల్‌కోటు ఉన్నంతవరకూ లోపలి తేమ బయటికి రాదు. నాలుగంగుళాల గ్రైండర్‌కి 40 నంబరు డిస్క్ వేసి పగులును మెత్తబడ్డ పొరలతో సహా తీసేస్తే 20 × 3 సెంటీమీటర్ల కంత మిగిలింది. దాని చుట్టూ ఏటవాలుగా, మందానికి 12 రెట్ల వెడల్పున అరగదీయాలి. 5 మిల్లీమీటర్ల మందానికి అన్ని వైపులా 60 మిల్లీమీటర్లు. అంటే అరగదీసిన చోటు మొత్తం 32 × 15 సెంటీమీటర్లు. ఇంత చిన్న పగులుకి అంత గొయ్యి ఎందుకనిపిస్తుంది. కొత్త ఫైబర్ పాతదానితో కలిసిపోదు, జిగురులా అంటుకుంటుందంతే. అంటుకునే చోటు ఎంత వెడల్పుంటే పట్టు అంత. కంతలో ముక్క పెట్టి పూసేస్తే రెండు నెలల్లో బిళ్లలా ఊడి వస్తుంది.

ఆ దుమ్ము గాజుపొడి. ముక్కుకి మాస్కు, కళ్లద్దాలు, పొడుగు చేతుల చొక్కా తప్పవు. చేతులకీ మెడకీ ముందే టాల్కం పౌడరు దట్టంగా రాసుకుంటే దురద సగం తగ్గుతుంది. తర్వాత చన్నీళ్లతో కడుక్కోవాలి, వేన్నీళ్లు వద్దు.

గ్రైండ్ చేసిన చోటు మంచినీళ్లతో కడిగి ఎండలో వదిలేశాను. ఆరిందో లేదో చేత్తో తాకితే తెలియదు. అడుగు చదరం పాలిథీన్ ముక్కను సాయంత్రం నాలుగంచులా టేపు వేసి అంటించి పొద్దున్న చూడాలి. లోపలి వైపు చుక్కలుంటే ఫైబర్‌లో ఇంకా నీరుంది. రెండో రోజు పొద్దున్న సన్నగా ఆవిరి పట్టింది, మూడో రోజు లేదు. మే ఎండకే మూడు రోజులు పట్టిందంటే, ఇదే పని శ్రావణంలో పెట్టుకుంటే ఏమయ్యేదో.

సామాను విశాఖ ఫిషింగ్ హార్బర్ దగ్గర దుకాణంలో తెచ్చాను. రెజిన్ అంటే గాజుపోగుల్ని పట్టి గట్టిపడే జిగురు ద్రవం. దాంట్లో మామూలు రకం చవక, ఐసోఫ్తాలిక్ రకం కాస్త ఖరీదు. నీళ్లలో నానే అడుక్కి రెండోదే తీసుకోవాలి. లెక్క ఇలా వేశాను. మ్యాట్ (గాజుపోగుల చాప) 450 గ్రాముల రకం, అంటే చదరపు మీటరుకి 450 గ్రాములు. ఒక పొర వేస్తే దాదాపు 1 మిల్లీమీటరు మందం వస్తుంది కాబట్టి బయట 5 పొరలు, ఒకదానికన్నా ఒకటి చిన్నవి. లోపలి వైపు 40 × 25 సెంటీమీటర్ల ముక్కలు 2. మొత్తం తూస్తే మ్యాట్ 160 గ్రాములకి లోపే. చేత్తో వేసే పనిలో మ్యాట్ బరువుకి రెండున్నర రెట్లు రెజిన్ పడుతుంది, అంటే 400 గ్రాములు. కిలో డబ్బా చాలా ఎక్కువే. మిగిలింది వృథా కాలేదు, కారణం కింద చెప్తాను.

రెజిన్ గట్టిపడడానికి రెండు కలపాలి, ఊదారంగు కోబాల్టు, నీళ్లలా ఉండే హార్డెనర్. ఈ రెండింటినీ నేరుగా ఒకదాంట్లో ఒకటి ఎప్పుడూ పొయ్యకూడదు, మంటలు లేస్తాయి. పేలినా పేలొచ్చు. కోబాల్టు దుకాణంలోనే రెజిన్‌లో కలిపి ఇమ్మన్నాను. ఇంటికి తెచ్చిన హార్డెనర్ సీసా వేరేగా, నీడలో.

హార్డెనర్ 1 నుంచి 2 శాతం. మే ఎండకి 1 శాతమే, అంటే 200 గ్రాముల రెజిన్‌కి 2 మిల్లీలీటర్లు. సూది తీసేసిన ఇంజక్షన్ సిరంజితో కొలిచాను. మొదటి రోజు నేను చేసిన తప్పు, పదకొండు గంటలకి 400 గ్రాములూ ఒకేసారి ప్లాస్టిక్ మగ్గులో కలపడం. పొర ఒకటి వేసేలోపే మగ్గు చెయ్యి పెట్టలేనంత వేడెక్కి, జున్నులా గడ్డకట్టి, పొగ వచ్చింది. రెజిన్ కుప్పగా ఉంటే దాని వేడి దాన్నే తరుముతుంది. కిలో కొనడం అక్కడ కలిసొచ్చింది. మర్నాడు పొద్దున్న ఆరింటికి, వేపచెట్టు నీడన, 150 గ్రాముల చొప్పున వెడల్పాటి పళ్లెంలో కలిపితే ఇరవై నిమిషాలు నింపాదిగా పని జరిగింది. ఎండ ఎక్కువని హార్డెనర్‌ని 1 శాతం కంటే తగ్గించడం మాత్రం వద్దు. అలా తగ్గిస్తే ఎన్నాళ్లున్నా పూర్తిగా గట్టిపడదు. తగ్గించాల్సింది వేడిని.

కంత లోపలి వైపు నుంచి ఫైల్ కవరు ముక్క పెట్టి, దాని వెనక ప్లైవుడ్ దన్నుపెట్టాను. రెజిన్ ఆ కవరుకి అంటుకోదు. మ్యాట్ ముక్కల అంచులు కత్తెరతో కాక చేత్తో చింపాలి. చింపిన అంచు పోగులు పక్కనున్నదాంట్లో కలిసిపోతాయి, కత్తిరించిన అంచు మెట్టులా నిలుస్తుంది. పెద్ద ముక్క ముందా చిన్నది ముందా అన్నదాంట్లో ఇద్దరు మేస్త్రీలు ఒక్కమాట మీద ఉండరు. నేను పెద్దదే ముందు వేశాను. ప్రతి అంగుళం అరగదీసిన పాత ఫైబర్‌ని పట్టుకుంటుంది, పైన నున్నచేసేటప్పుడు పెద్ద ముక్క తెగదు. బ్రష్షుతో గోడకి సున్నం వేసినట్టు రాస్తే మ్యాట్ లేచిపోతుంది, పొడిచినట్టు అద్దాలి. తెల్లగా ఉన్న మ్యాట్ రెజిన్ తాగుతూ తాగుతూ అద్దంలా అవుతుంది. తెల్లచుక్క మిగిలిందంటే అక్కడ గాలి ఉంది. గాడుల రోలరుతో మధ్య నుంచి అంచుకి నెట్టాను. మూడు పొరలయ్యాక ఆపి, గట్టిపడి చల్లారాక మిగతా రెండూ. అయిదూ ఒకేసారి వేస్తే ఆ వేడికి పడవ అడుగే వంకరపోతుంది.

ఆఖరి పొర మీద పాలిథీన్ కప్పి గాలి బుడగల్లేకుండా ఒత్తాను. ఈ రెజిన్ గాలి తగిలే పైభాగం జిగటగానే ఉండిపోతుంది. మర్నాడు ఊడదీస్తే గోరుతో గీసినా గీత పడలేదు. 80 నంబరు కాగితంతో రుద్ది, జెల్‌కోటు రెండుసార్లు, రెండోసారి మాత్రం మైనం కలిపి. లోపలి రెండు పొరలు మరో రోజు వేశాను, ఒకదాని అంచు ఒకదానికి 3 సెంటీమీటర్లు ఎడంగా. రెండూ ఒకేచోట ఆగితే అక్కడ మళ్లీ ఒక గట్టి అంచు తయారై, దాని పక్కన కొత్త పగులు మొదలవుతుంది. పాతకాలం చెక్క నావలకి గుగ్గిలం నూనెలో కాచి సందుల్లో కూరేవారు. ఫైబర్‌కి ఆ వైద్యం పట్టదు.

ఇక ట్రాలీ. వెనక యాంగిల్‌ని మూడంగుళాలు కిందకి దించి, పడవ పొడుగునా రెండు గుగ్గిలం చెట్టు చెక్కలు వేయించాను. 4 × 2 అంగుళాలు, 9 అడుగులు. అవి పడవ లోపల పొడుగునా ఉన్న దిమ్మెల కిందకే రావాలి, మధ్యలో బోలుగా ఉన్న అడుగు కిందకి కాదు. చెక్క వెనక కొస పడవ వెనక అంచు దాకా ఉండాలి, ఇంజను బరువు అక్కడే కదా. పైన కొబ్బరిపీచు చాప వేద్దామన్నారు. అది తడి పీల్చుకుని వారం ఆరదు, చెక్క కుళ్లుతుంది, బోల్టులు తుప్పుపడతాయి. రబ్బరు షీటు వేశాను. బోల్టు తలలు చెక్కలోకి అర అంగుళం దిగి ఉండాలి.

చక్రాలు జాకీ మీద లేపి ఊపితే ఎడమది లొటలొటలాడింది. హబ్బు విప్పితే గ్రీజు పెరుగులా తెల్లగా ఉంది, నీళ్లు చేరాయన్నమాట. దారంతా తిరిగి వేడెక్కిన హబ్బును రేవులో చల్లని నీళ్లలో ముంచితే లోపలి గాలి ముడుచుకుని, గ్రీజు సీల్ సందులోంచి నీటిని పీలుస్తుంది. బేరింగులు కిరోసిన్‌తో కడిగి, ఆరబెట్టి, అరచేతిలో గ్రీజు పెట్టుకుని బేరింగు అంచును దాంట్లోకి ఒత్తుతూ, పైనుంచి గ్రీజు పొంగేదాకా నింపాను. సీల్ కొత్తది. చక్రం తిప్పుతూ గాడుల నట్టు బిగించి, ఒక గాడి వెనక్కి వదిలి, కొత్త కాటర్ పిన్. బిగుతుగా వదిలేస్తే బేరింగు కాలిపోతుంది. రేవుకి చేరాక అరగంట ఆగి, టైరు సగం మునిగే లోపే పడవను తాడుతో దింపుతున్నాను.

ట్రాలీని బండికి తగిలించే కొక్కెం మీద బరువు కూడా చూశాను. పడవ, ఇంజను, ట్రాలీ కలిపి సుమారు 450 కిలోలు. దాంట్లో పదో వంతు, 45 కిలోలు, కొక్కెం మీద ఉండాలి. ఇటుకల మీద ఇంట్లో మనుషులు తూగే మిషను పెట్టి కొక్కెం దానిమీద ఆనిస్తే 20 చూపించింది. రాజాం నుంచి వంగర దారిలో ట్రాలీ పాములా ఊగడానికి కారణం అదే. పడవ ముందు ఆపే దిమ్మెను ఎనిమిది అంగుళాలు ముందుకి జరిపితే 43కి వచ్చింది.

ఇంజనులో పెద్దగా ఏమీ లేదు. నీళ్లలో తిరిగే పంకా విప్పి చూస్తే ఇరుసు చుట్టూ తెగిన వల దారం రెండు మూరలు చుట్టుకుని ఉంది. దాన్ని వదిలేస్తే ఆయిల్ సీల్ కోసేసి గేరు ఆయిల్లోకి నీళ్లు దిగుతాయి. నా గేరు ఆయిల్ ఇంకా తేనెరంగులోనే ఉంది, అంటే నీళ్లు దిగలేదు.

నీళ్లలో దింపే ముందు లోపల అడుగంతా పొడిగా తుడిచి, ముగ్గుపిండి పలచగా చల్లాను. చెమ్మ ఎక్కడ తగిలినా పిండి నల్లబడి చోటు చూపిస్తుంది. పది నిమిషాలకి అతుకు చుట్టూ పిండి తెల్లగానే ఉంది. వెనక మూల నీళ్లు వదిలే బిరడా దగ్గర మాత్రం చంద్రవంకలా నల్లటి చార. విప్పి చూస్తే వాషరు ఎండి పగిలింది. జేబులో ట్యూబు ముక్క ఉంటే గుండ్రంగా కత్తిరించి వేసి బిగించాను, మళ్లీ పిండి చల్లాను.