ఎముక అతుక్కుంటోంది

మా అబ్బాయి ముంజేతి ఎక్స్‌రే మళ్లీ తీశారు. మొదటి ఫిల్ములో విరిగినచోట సన్నటి నల్లగీత ఉండేది. ఇప్పుడక్కడ ఎముక చుట్టూ తెల్లగా, మబ్బు కమ్మినట్టు ఒక ఉబ్బు కనిపించింది. చూడగానే టెన్షన్ వచ్చేసింది. కొత్త ఎముక కడుతోందమ్మా, మంచిదే అన్నారు డాక్టరుగారు. విరిగినచోట ముందు మన ముక్కు కొనలో ఉండేలాంటి మెత్తటి మృదులాస్థి ఏర్పడుతుంది, అందులో కాల్షియం చేరి గట్టిపడుతుంది, ఆపైన నెలల తరబడి శరీరమే ఆ ఉబ్బును అరగదీసి పాత ఆకారానికి తెస్తుంది. చర్మం లోతుగా తెగితే మచ్చ మిగులుతుంది. ఎముక మాత్రం మళ్లీ ఎముకగానే అతుక్కుంటుంది. ఎంత గొప్ప ఏర్పాటో!

ఎముకలు మనల్ని నిలబెడతాయి, మెదడునూ గుండెనూ కాపాడతాయి, అది అందరికీ తెలిసిందే. నన్ను ఆశ్చర్యపరిచింది లోపల జరిగే పని. ఒకరకం కణాలు పాత ఎముకను కరిగిస్తుంటే, ఇంకోరకం కణాలు కొత్తది కడుతూనే ఉంటాయి. ఒంట్లోని కాల్షియంలో దాదాపు 99 శాతం ఎముకల్లో, పళ్లలోనే ఉంటుంది. రక్తంలో అది కాస్త తగ్గినా ఎముకలే తీసి ఇస్తాయి, కండరాల పని ఆగకుండా. రక్తకణాలు పుట్టేది కూడా మూలుగలోనే.

కట్టు విప్పాక వ్యాయామాలు తప్పనిసరి అన్నారు. బరువు పడని ఎముక పలచబడుతుంది. అంతరిక్షంలో నెలలపాటు ఉండే వ్యోమగాములు రోజూ దాదాపు రెండు గంటలు వ్యాయామం చేయడానికి ఇదొక ముఖ్య కారణం.