మురిగిపోతుందని పెట్టే ఖర్చు

2025లో ఉగాది మార్చి 30న, ఆదివారం వచ్చింది. ఇంట్లో అమ్మ వేపపువ్వు దూస్తుంటే నేను యశవంతపురం దాటి ఆఫీసుకి వెళ్లాను. బెంగళూరులో ఒక కేంద్ర ప్రభుత్వ సంస్థలో పదహారేళ్లుగా అకౌంట్స్ చూస్తున్నాను. మర్నాడు రంజాన్. అయినా ప్రభుత్వ లావాదేవీల కోసం బ్యాంకులు తెరిచే ఉంచమంది రిజర్వ్ బ్యాంకు. ఆర్థిక సంవత్సరం 31తో ముగుస్తుంది. అది దాటితే ఆ ఏడాదికి ప్రభుత్వం ఇచ్చిన గ్రాంటులో ఖర్చు కానిది మురిగిపోతుంది మరి.

ఆ రోజు నా ముందుకొచ్చిన బిల్లుల్లో ఒకటి యూపీఎస్ బ్యాటరీలది. సరుకు 29న దిగింది. స్టాక్ రిజిస్టర్లో ఎంట్రీ ఉంది, పరీక్షించి తీసుకున్నట్టు సంతకం కూడా ఉంది. కిందికెళ్లి చూస్తే అట్టపెట్టెలకి టేపైనా విప్పలేదు. "అక్కా, ఇది పాస్ కాకపోతే వచ్చే ఏడాది మన గ్రాంటులో కోత పెడతారు" అన్నాడు స్టోర్స్‌లో ఉండే అనంతపురం అబ్బాయి. అతను దొంగ కాదు. భయపడ్డాడు, అంతే. పెట్టెలు విప్పించి, లెక్కపెట్టించి, ఇంజనీరుని పిలిపించి పరీక్ష చేయించాకే సంతకం పెట్టాను. అప్పటికి రాత్రి తొమ్మిదైంది.

ఆ పెట్టెలున్న వరండాలోనే పైకప్పు కారుతుంది. జూలై నుంచి బాగుచేయించమని అడుగుతూనే ఉన్నారు, డబ్బు లేదని చెబుతూనే ఉన్నాం. అబద్ధం కాదు. మా గ్రాంటు జీతాలకి, మామూలు ఖర్చులకి, ఆస్తులకి అని విడివిడిగా వస్తుంది. బ్యాటరీలు ఆస్తుల కింద, మరమ్మతు మామూలు ఖర్చుల కింద. ఒకదాంట్లో మిగిలింది మన ఇష్టానికి ఇంకోదాంట్లో వాడకూడదు. ఆ కట్టుబాటుని నేను తప్పుపట్టను. అది లేకపోతే ఆస్తుల డబ్బంతా రోజువారీ ఖర్చులకే కరిగిపోతుంది.

ఏడాది చివర ఖర్చుల హడావుడి ఆర్థిక ఔచిత్యాన్ని ఉల్లంఘించడమేనని 2017 సాధారణ ఆర్థిక నియమాలు చెబుతాయి. ఏడాది బడ్జెట్లో చివరి మూడు నెలల్లో 33 శాతం, ఒక్క మార్చిలో 15 శాతం దాటొద్దని శాఖలకి పరిమితి ఉంది. 2017లో బడ్జెట్‌ని ఫిబ్రవరి 1కి జరిపింది కూడా ఏప్రిల్ నుంచే పనులు మొదలవ్వాలని. ఏప్రిల్లో డబ్బుంటుంది, ఫైలే కదలదు. స్పెసిఫికేషన్ రాసేసరికి ఆగస్టు, కమిటీ కూర్చునేసరికి అక్టోబరు. ఈలోగా ఏడాది మొత్తానికి ఎంత ఖర్చవుతుందో మళ్లీ లెక్కేసి సవరించిన అంచనాలు పంపమంటారు. అప్పటికి ఖర్చు తక్కువ కనబడితే కోతే.

అందుకే మిగిలింది వెనక్కిచ్చినవాడు చేతకానివాడు, ఆఖరి రూపాయిదాకా ఊడ్చేసినవాడు సమర్థుడు అయిపోయాడు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. ముందుగానే సరెండర్ చేస్తే ఆ డబ్బు అవసరమున్న ఇంకో చోటికి వెళ్తుంది కదా!

ఆ ఏడాది ఆగస్టులోనే నోట్‌బుక్ పట్టుకుని సెక్షన్ సెక్షన్‌కీ తిరిగి ఏం కావాలో, ఏది అక్కర్లేదో రాసుకున్నాను. పైకప్పు ఎస్టిమేట్ మొట్టమొదట పంపాను.