ఆషాఢంలో బేరం, శ్రావణంలో రిజిస్ట్రేషన్

హైదరాబాద్‌లో "జూలైలో ఇళ్ల మార్కెట్ పడిపోయింది" అనే మాట విన్నప్పుడు ముందు పంచాంగం తీసి చూడాలి. 2025లో శ్రావణం జూలై 25న మొదలైంది. 2026లో అధిక జ్యేష్ఠం వల్ల అది ఆగస్టు 13కు జరిగింది. ఈ రెండు జూలైలను పక్కపక్కన పెడితే లెక్క తప్పుతుంది. ఆషాఢాన్ని ఆషాఢంతోనే పోల్చాలి. పైగా ఆ అంకెలన్నీ రిజిస్ట్రేషన్లవి. పాత ఫ్లాటుకు బేరం కుదిరాక రిజిస్ట్రేషన్ అయ్యేసరికి నెలో రెండు నెలలో పడుతుంది. కొత్త అపార్ట్‌మెంట్‌లో రెండు మూడేళ్ల కిందట బుక్ చేసినది కూడా ఈ నెల ఖాతాలో పడొచ్చు.

ఆషాఢం, పుష్యం, భాద్రపదంలో మహాలయ పక్షాలు, మూఢాలు... వీటిలో జనం రిజిస్ట్రేషన్, గృహప్రవేశం వాయిదా వేస్తారు. ఇల్లు చూడటానికి, బేరమాడటానికి మాత్రం ఏ శాస్త్రమూ అడ్డు చెప్పదు. నా లెక్కలో కొనేవాడికి ఆషాఢాన్ని మించిన నెల లేదు. వేసవి నుంచి అమ్మకానికి పెట్టి, ఇంకా ఈఎంఐ కడుతున్న ఓనరు ఈ నెలలో మాట వింటాడు. బిల్డరు మాత్రం చదరపు అడుగు రేటు తగ్గించడు, తగ్గిస్తే ముందు కొన్నవాళ్లు నిలదీస్తారు. అతని దగ్గర కారు పార్కింగ్, ఫ్లోర్ రైజ్ చార్జీలు (పై అంతస్తులకు అదనంగా వేసేవి), క్లబ్‌హౌస్ ఫీజు మీద బేరమాడండి.

ఇంకో లాభం వాన. రెండ్రోజులు ఆగకుండా కురిశాక మర్నాడు పొద్దున్నే వెళ్లండి. పై అంతస్తయితే శ్లాబు మూలలు, బాత్రూమ్‌కు అవతలి వైపు గోడ అడుగుభాగం చూడండి. గది మొత్తం పాత రంగుండి ఒక్క మూల మాత్రమే కొత్త పుట్టీ ఉంటే అక్కడ చెయ్యి పెట్టి చూడండి, చెమ్మ తెలుస్తుంది. సెల్లారులో గోడల మీద నీటి చార, లిఫ్ట్ గుంతలో నీళ్లు కనబడతాయి. వాన చెప్పలేనిది ఒక్కటే, వేసవి నీటి సంగతి. దానికి అసోసియేషన్‌ను ఏప్రిల్, మే నెలల ట్యాంకర్ బిల్లులు అడగండి.

బేరం కుదిరితే ఆషాఢం మొదటి వారంలోనే కాగితాల పని మొదలెట్టాలి. 30 ఏళ్ల ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తనఖాలు చూపే సర్టిఫికెట్), లింకు డాక్యుమెంట్లు (ఇంతకుముందు చేతులు మారినప్పటి దస్తావేజులు) లాయరు చూడటానికి ఒక వారం, బ్యాంకు లీగల్, వాల్యుయేషన్‌కు రెండు మూడు వారాలు పెట్టుకోండి. శ్రావణంలో మంచి రోజుల రిజిస్ట్రేషన్ స్లాట్లు ముందే అయిపోతాయి.

ఎక్కువ బేరాలు ఆగేది అమ్మేవాళ్ల పాత హోమ్‌లోన్ దగ్గర. లోన్ మొత్తం తీరాక ఒరిజినల్ డాక్యుమెంట్లు ఇవ్వడానికి ఆర్‌బీఐ నిబంధన ప్రకారం బ్యాంకుకు 30 రోజుల గడువుంది. శ్రావణంలో లోన్ తీరిస్తే ఆ నెలంతా అక్కడే కరిగిపోతుంది, ఆపైన భాద్రపదం. అందుకే ఇంకా ఎంత అప్పుందో చూపే బ్యాంకు లోన్ బ్యాలెన్స్ లెటర్‌ను టోకెన్ అడ్వాన్సు ఇచ్చే ముందే అడగాలి.

డబ్బు లెక్క కూడా ముందే వేసుకోండి. తెలంగాణలో స్టాంపు, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం. 80 లక్షల ఫ్లాటుకు 6 లక్షలు. మామూలుగా ఇది లోన్‌లో రాదు, చేతిలో ఉండాలి. ధర 50 లక్షలు, ఆపైన అయితే 1 శాతం టీడీఎస్ (అమ్మేవాళ్ల తరఫున ముందే కట్టే ఆదాయపు పన్ను), అంటే ఈ ఫ్లాటుకు 80 వేలు, అమ్మేవాళ్లకిచ్చే సొమ్ములోంచి మినహాయించి మీరే కట్టాలి. వాళ్ల పాన్ ఆధార్‌తో లింకు కాక పనిచేయకుండా పోతే అది 20 శాతానికి పెరుగుతుంది. పాన్ స్థితి ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో ముందే చూసుకోండి.

అగ్రిమెంట్‌లో గడువు రాసేటప్పుడు "శ్రావణంలో" అని వదిలేయకండి. తేదీ వేయించి, బ్యాంకు డాక్యుమెంట్లు ఆలస్యమైతే గడువు దసరా దాకా అదే ధరకు పొడిగించేలా ఒక షరతు రాయించండి.