చెక్కలో నీళ్ళ లెక్క

ఆదివారం. ఫాల్గుణ మాసం, ఎండ ఇంకా పూర్తిగా కోపానికి రాలేదు.

మా ఇంట్లో ఓవెన్ కొన్నది పిల్లల కేకుల కోసం. వాళ్ళు హాస్టళ్ళకి వెళ్ళిపోయాక అందులో ప్లాస్టిక్ డబ్బాలు దాచుకుంటున్నాం. నిన్న మధ్యాహ్నం ఆ డబ్బాలన్నీ తీసేసి రెండు వేపచెక్క ముక్కలు లోపల పెట్టాను, వాటిలో నీళ్ళెన్ని ఉన్నాయో లెక్క తేల్చడానికి. సెగ నూరు డిగ్రీలకి కాస్త పైన. రాత్రి పడుకునేటప్పుడు ఆపి, పొద్దున ఇడ్లీలు దింపాక మళ్ళీ వేశాను. గంటగంటకీ తీసి వంటింటి కాటా మీద తూచి నోటుబుక్కులో రాసుకోవడం. హైస్కూల్లో సైన్సు చెప్పేదానికి ఇంట్లో ఇంతకన్నా సరదా ఏముంటుంది. కరెంటు బిల్లు మాట మాత్రం మా ఆయన ఎత్తారు. ఇల్లంతా వేప వాసన కొట్టింది, దానికీ ఏదో అన్నారు.

సంగతేమిటంటే, డిసెంబరు వాయుగుండానికి మా దొడ్డిలో వేపచెట్టు వేళ్ళు లేచి ప్రహరీ మీదికి ఒరిగింది. వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) కింద అనుమతి తెచ్చుకుని సంక్రాంతికి ముందు కొట్టించాం. మొద్దుల్ని వింజమూరు సామిల్లులో కోయించాం. ద్వారబంధాలకి ఐదంగుళాలు బై మూడంగుళాల కర్రలు, మంచాలకి ఒకటిన్నర అంగుళం పలకలు. పైన కట్టే రెండు గదులకి ఈ చెట్టు కర్రే వాడాలని మా అత్తయ్య పట్టు. ఆ చెట్టు ఆమె కాపరానికి వచ్చిన ఏడు నాటిందట.

కర్రలు, పలకలు ఆరడానికి పేర్చింది ఆచారి బాబాయి. నాకు వరసకేం కాడు, ఊళ్ళో అందరం అట్లాగే పిలుస్తాం. గొడ్లు అమ్మేశాక ఖాళీగా పడున్న కొట్టంలో కింద సిమెంటు ఇటుకలు వేసి, నేలకి అడుగు పైన మొదలుపెట్టాడు. వరసకీ వరసకీ మధ్య అంగుళం మందం సర్వి (సరుగుడు) బద్దలు. అన్నీ ఒకే మందం, పైబద్ద సరిగ్గా కిందిబద్ద మీదికే రావాలి. ఒక్కటి పక్కకి జరిగినా ఆ బరువుకి పలక అక్కడ వంగి, అలాగే ఆరిపోతుంది, తర్వాత ఎన్ని తిప్పలు పడినా తిన్నగా రాదు. బద్దలు కూడా ఎండినవే వాడాలట. పచ్చివైతే పలక మీద నల్ల చారలు పడతాయి. కర్రల కొసలకి మిగిలిపోయిన ఎనామిల్ పెయింటు దట్టంగా పూశాడు. అన్నింటిపైన కడప బండలు రెండు, మా పాత రోలు ఒకటి.

కొసలకి పెయింటు ఎందుకో పిల్లలకి చెప్పడం చాలా తేలిక. చెట్టు బతికున్నప్పుడు నీళ్ళు వేళ్ళ నుంచి కొమ్మలకి పోయిన దారి నిలువు దారే కదా. కొట్టాక కూడా అదే దారిన బయటికొస్తాయి. పలక పక్కల నుంచి పోయేదానికన్నా కొసల నుంచి పది, పదిహేను రెట్లు తొందరగా పోతాయి. కొసలు ముందే ఆరి కుంచించుకుపోతే, పచ్చిగా ఉన్న నడిమి భాగం వాటిని కుంచించుకోనివ్వదు. ఆ గుంజులాటలో నెర్రెలు పడతాయి. పెయింటు లేని రోజుల్లో బాబాయి వాళ్ళ నాయన పేడలో మట్టి కలిపి మెత్తేవాడట. పనిచేసేది అదీ ఇదీ ఒకే లెక్కన.

పొద్దున బాబాయి రాగానే కొట్టంలోకి పోయి ఒక కర్రకి చెంప ఆనించాడు. తర్వాత వేలి కణుపుతో కొట్టి విన్నాడు.

"ఇంకా చల్లగా ఉండాది అమ్మాయ్. పైన చూసి మోసపోబాక. పైన ఎండినట్టే కనపడద్ది."

చెంపకి చల్లగా తగలడం ఉత్త మాట కాదు. లోపలి నీళ్ళు ఆవిరవుతున్నంతసేపూ ఆ పైభాగం చుట్టూ ఉన్న గాలికన్నా చల్లగానే ఉంటుంది. నాకు ఓవెన్ చెప్పాల్సింది ఆయనకి చెంప చెప్పింది. కాకపోతే ఎంత పచ్చో అంకె చెప్పలేదు. నాకు కావాల్సింది అంకె.

మధ్యాహ్నానికి రెండు ముక్కల తూకమూ కదలకుండా ఆగింది. మూడంగుళాల కర్ర ముక్క ముందు 212 గ్రాములు, ఇప్పుడు 148. పోయిన 64 గ్రాములూ నీళ్ళే. ఈ లెక్కలో ఎండిన కర్ర బరువు మీదే శాతం కడతారు, అంటే 43 శాతం. ఒకటిన్నర అంగుళం పలక ముక్క 131 నుంచి 108కి దిగింది, 21 శాతం. ముక్కలు కోసేటప్పుడు కొస నుంచి అడుగు లోపలికి వెళ్ళి కోయించాను, కొసది తూస్తే మనకి నచ్చే అంకె వస్తుంది గానీ నిజం రాదు.

ఈ రెండు అంకెల మధ్యే ఉంది అసలు తిరకాసు. కర్రలో నీళ్ళు రెండు చోట్ల ఉంటాయి. సన్నటి గొట్టాల్లో నిండి ఉన్నవి కొన్ని, ఆ గొట్టాల గోడల్లోనే ఇంకి ఉన్నవి కొన్ని. ముందు పోయేవి గొట్టాల్లోవి. అవి పోయినంతసేపూ కర్ర తేలికవుతుందే తప్ప కొలత మారదు. దాదాపు 30 శాతానికి వచ్చాక గోడల్లోవి పోవడం మొదలవుతుంది, అప్పుడే కర్ర దగ్గరపడేది. అంటే మా ద్వారబంధాల కర్రల్లో నడిమి భాగం ఇంకా కదలనే లేదు. కదలాల్సిందంతా ముందుంది. పలకలు అప్పుడే కదిలాయి, పైవరస చివరి పలక దోనెలా అంచులు లేపింది కూడా. బెరడుకి దగ్గరగా కోసిన పలకలకి ఆ బుద్ధి ఎక్కువ. కర్ర వలయాల వెంబడి కుంచించుకునేది, వలయాలకి అడ్డంగా కుంచించుకునేదానికి సుమారు రెండింతలు ఉంటుంది. అందుకని ఎప్పుడూ బెరడు వైపుకే వంగుతుంది. బాబాయి చూసి, "అది పొట్టి మంచానికి కోసుకుందాంలే" అన్నాడు.

భోజనాలవుతుండగా తమ్ముడు ఫోను. మా పుట్టిల్లు కొండపి వైపు, వాడికి అక్కడ సుబాబుల్ తోట ఉంది, కాగితపు గుజ్జుకి పోయే కర్ర. కర్ర కొట్టి, తొక్క తీసి, గట్టున పేర్చి కూర్చున్నాడు, లారీ రావడంలేదు. రేపు, ఎల్లుండి అంటున్నారట.

"అక్కా, నీకేం, నువ్వు ఎండాలని చూస్తన్నావు. నాకు ఎండేకొద్దీ డబ్బులు పోతన్నయ్" అన్నాడు.

నిజమే. వాడిది టన్నుల లెక్క. కాటా మీదికెక్కే తూకానికే డబ్బు, అందులో సగానికి దగ్గరగా నీళ్ళున్నా సరే. నోటుబుక్కు చేతిలోనే ఉంది కాబట్టి అక్కడే కట్టి చెప్పాను. కొట్టిన రోజు తేమ, ఎండు కర్ర బరువు మీదే, 80 శాతం అనుకుంటే, పది టన్నుల లోడులో కర్ర ఐదున్నర టన్నులు, మిగతాది నీళ్ళు. గట్టున ఎండి 50 శాతానికి వస్తే అదే కర్ర ఎనిమిది టన్నుల మూడు క్వింటాళ్ళు తూగుతుంది. టన్నున్నర పైగా గాల్లోకి పోయినట్టు. తొక్క ఉంటే కాస్త ఆగేది, తీసిన కర్ర ఇంకా తొందరగా ఎండుతుంది.

"ఆ లెక్క నాకు చెప్పబాకు, గుండె ఆగిద్ది" అని పెట్టేశాడు. లారీ వాళ్ళు ఆలస్యం చేస్తే నష్టం వాళ్ళకి కాదు, రైతుకి. ఈ మాట తూకానికి కొనేవాళ్ళందరికీ తెలుసు, ఎండ ముదిరేకొద్దీ ఇంకా బాగా తెలుస్తుంది. నాకు మటుకు ఇది అన్యాయంగానే కనిపిస్తుంది. ధర ఎండు కర్ర బరువు మీద కట్టి, తేమ పరీక్ష చేసి కొంటే ఈ పరుగు ఉండదు. తమ్ముడు మాత్రం ఒప్పుకోడు. ఆ పరీక్ష చేసేది కూడా వాళ్ళేగా అంటాడు.

మధ్యాహ్నం బాబాయితో కూర్చుని కొట్టం పడమటి పక్కన తాటాకులు కట్టించాను. వచ్చే నెల నుంచి పడమటి గాలి మొదలవుతుంది. ఆ వడగాలి తగిలితే పైపొర ఒక్కసారిగా బిగుసుకుని లోపలి నీళ్ళు బయటికి రాకుండా పోతాయి, లేదంటే పగుళ్ళిస్తుంది. తూర్పు పక్క తెరిచే ఉంచాం. గాలి ఆడాలి, ఎండ పడకూడదు, ఇంతే.

పని చేస్తూ ఆయన పాత రోజులు చెప్పుకొచ్చాడు. వాళ్ళ నాయన కొట్టిన మొద్దుల్ని చెరువులో పడేసి ఓ వానాకాలమంతా నాననిచ్చి, తర్వాత తీసి ఆరబెట్టేవాడట. నీళ్ళలో కర్ర ఆరడమేంటని కొత్తవాళ్ళు నవ్వుతారు గానీ అందులో పని ఉంది. చేవలేని తెల్ల కర్రలో పిండిపదార్థం ఉంటుంది, పుచ్చు పురుగు వచ్చేది దాని కోసమే. నానబెడితే అది చాలావరకు పోతుంది. ఇప్పుడు చెరువు చేపలకి వేలం పాడతారు, మొద్దులు వేస్తే ఊరుకోరు.

అమావాస్య ముందు కొట్టిన కర్రకి పురుగు పట్టదని కూడా అన్నాడు. తిథి సంగతి నేను నమ్మను. నెల సంగతి నమ్ముతాను. పుష్యంలో కొడితే ఎండ మెత్తగా ఉంటుంది, మొదటి నీళ్ళు నిదానంగా పోతాయి. అదే చెట్టుని రోహిణి కార్తెలో కొట్టి బయట పడేస్తే వారం తిరక్కుండా నెర్రెలిస్తుంది.

ఆచారి వెళ్ళేముందు అసలు పంచాయితీ వచ్చింది. మా ఆయన వైశాఖంలో ముహూర్తం పెట్టించుకొచ్చారు, ద్వారబంధాలు చైత్రం చివరికి నిలబెట్టాలంటారు.

"నిలబెట్టచ్చు అబ్బయ్యా. నిలబెట్టినాక అయ్యి వాటి పని అయ్యి చేసుకుంటయ్. తలుపు ఒకపక్క, బంధం ఒకపక్క" అన్నాడు బాబాయి.

"మా నాయనకి ఎవరు ఇంత ఆరబెట్టారు?" అని ఈయన.

ఆయన అన్నదానికి జవాబు మా ఇంట్లోనే ఉంది. పాత ఇంటి వంటగది తలుపు ప్రతి కార్తీకంలోనూ పట్టేస్తుంది, వేసవికి సందు వస్తుంది. బాగా ఆరిన కర్ర కూడా గాలిలో తేమని బట్టి కాస్త పొంగుతూ, తగ్గుతూనే ఉంటుంది. మన కోస్తాలో నీడన ఎంతకాలం ఉంచినా 12 నుంచి 15 శాతం దగ్గర ఆగుతుంది, అంతకన్నా దిగాలంటే బట్టీ కావాలి. వేసవిలో ఓ రెండు దిగి, ఈశాన్య రుతుపవనానికి మళ్ళీ పైకి వస్తుంది. ఆ చిన్న కదలికకే తలుపు పట్టేస్తుంటే, 43 నుంచి 14కి దిగాల్సిన కర్రని గోడలో బిగించి సిమెంటు పూస్తారట. అంగుళం మందానికి ఏడాది ఆరాలని ఒక లెక్క చెబుతారు. అది చలి దేశాల లెక్క, మన ఎండల్లో అంత పట్టదు. అలాగని రెండు నెలలూ చాలదు.

అందుకని ఒక పద్ధతి పెట్టాను. అదే కర్ర నుంచి మూడడుగుల ముక్క కోయించి, రెండు కొసలకీ పెయింటు పూసి తూచాను. 8 కిలోల 580 గ్రాములు. 43 శాతం లెక్కన అందులో ఎండు కర్ర 6 కిలోలు. 14 శాతానికి రావాలంటే అది 6 కిలోల 840 గ్రాములకి దిగాలి. ఇక ఓవెన్ అక్కర్లేదు, ఆ ముక్కని మిగతా కర్రల మధ్యలోనే పెట్టి అప్పుడప్పుడూ తీసి తూచుకుంటే చాలు. ముక్క మీద చాక్‌పీసుతో ఇప్పటి తూకమూ, రావాల్సిన తూకమూ రాశాను. మా ఆయన అటూ ఇటూ తిప్పి చూశారు. "పరీక్ష పేపరా ఇది" అన్నారు.

సామిల్లు నుంచి వచ్చిన బెరడు చెక్కల్ని మాత్రం మా అత్తయ్య ఎండలోనే ఎండబెడుతోంది, నీళ్ళ పొయ్యిలోకి. వాటికి పగుళ్ళొస్తే ఇంకా మంచిది. మొన్న తొందరపడి పచ్చివి పెట్టి దొడ్డంతా పొగ చేసింది. కిలో నీళ్ళని ఆవిరి చెయ్యడానికే 540 కిలో కెలోరీలు పోతాయి, ఇక కాగులో నీళ్ళేం కాగుతాయి.

సాయంత్రం మా ఆయన సిద్ధాంతిగారికి ఫోను చేశారు. ఆషాఢం ఎలాగూ లేదు, శ్రావణంలో ఒకటి ఉందట. మూడంగుళాల కర్రకి అప్పటికైనా చాలుతుందా అంటే బాబాయి "చూడాలి" అన్నాడు తప్ప ఒప్పుకోలేదు. ప్రస్తుతానికి తేలిందిది: శ్రావణం నాటికి ఆ ముక్క 6 కిలోల 840కి వస్తే వేప బంధాలే. రాకపోతే బంధాలకి డిపోలో ఆరిన టేకు కొని, వేపకర్ర మంచాలకీ, దివానుకీ. అత్తయ్యకి ఈ రెండో సగం ఇంకా ఎవరూ చెప్పలేదు.